పురుగును ఏరిపెట్టింది మనమే

పత్తి చేనులో గుడ్డి పూలు కనపడితే రైతు గుండె గతుక్కుమంటుంది. రేకులు విచ్చుకోక ముడుచుకుపోయిన ఆ పువ్వు లోపల గులాబీ రంగు పురుగు తిష్ఠ వేసి ఉంటుంది. పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తి వచ్చిన కొత్తలో దీని పేరు మరుగున పడింది. ఇప్పుడు ఆదిలాబాద్ నుంచి గుంటూరు దాకా మళ్లీ దాని మాటే. పురుగు విషానికి అలవాటు పడిందని సరిపెట్టుకుంటున్నాం. అలవాటుకు ఇక్కడ చోటు లేదు. లక్షల్లో ఏ ఒకటో రెండో పురుగులకు పుట్టుకతోనే ఉన్న జన్యు లోపం వాటిని బతికించింది. మిగతావి చచ్చాక చేను వాటి సంతానానికి దక్కింది.

ఆ లోపం ఎక్కడ ఉందో శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. బీటీ విషం పురుగు పేగు గోడ మీద ఉండే కాధెరిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని పని మొదలుపెడుతుంది. అది సరిగా తయారు కాకపోతే విషానికి పట్టు దొరకదు. మన దేశంలోని పురుగుల్లో ఆ జన్యువుకు చెడిన రూపాలు 8 ఉన్నాయని, వాటి నుంచి 19 రకాల ఆర్ఎన్ఏ ప్రతులు (ప్రోటీన్ తయారీకి కణం జన్యువు నుంచి తీసుకునే నకళ్లు) వెలువడుతున్నాయని 2014లో ఒక పరిశోధన తేల్చింది. ప్రోటీన్ తయారయ్యే ముందు కణం ఆర్ఎన్ఏను కత్తిరించి అతుకుతుంది. ఆ కత్తిరింపే గతి తప్పింది. 2006లో బోల్‌గార్డ్-2 అనే కొత్త బీటీ పత్తితో రెండో విషాన్ని చేర్చితే, అక్కడ ఏబీసీఏ2 అనే మరో జన్యువులో ఇదే తంతు నడిచింది.

ఇదంతా ఊహించనిది కాదు. కాధెరిన్ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పురుగు విషాన్ని తట్టుకుంటుంది. అందుకే చేను చుట్టూ కొంత విషం లేని మామూలు పత్తి వేయమన్నారు. అక్కడ పెరిగిన మామూలు పురుగులతో జత కట్టిన మొండి పురుగు పిల్లలు బీటీ పత్తి మీద చస్తాయి. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనాన్ని విడి ప్యాకెట్‌లో ఇచ్చింది ఇందుకే. చాలా చోట్ల ఆ ప్యాకెట్ గట్టు దాటి చేనులోకి రాలేదు. రైతును తప్పుపట్టడం తేలిక. ఆ వరుసలు పక్కవాడి చేనును కూడా కాపాడతాయని అతనికి చెప్పినవారు ఎందరు? పురుగు తినే వరుసలకు పరిహారం ఇస్తామన్న ప్రభుత్వం ఏది?

ధర విషయంలో మాత్రం ప్రభుత్వాలు చురుగ్గానే ఉన్నాయి. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీలతో పోరాడి, 1,600 రూపాయలకు పైగా పలికిన ప్యాకెట్‌ను 750కి దించింది. మెచ్చదగిన పని. ఆ పట్టుదలలో పదో వంతు మామూలు వరుసల మీద పెట్టి ఉంటే కథ వేరుగా ఉండేది.

అమెరికాలోని అరిజోనాలో ఇదే పురుగు, ఇదే విషం. 1996 నుంచి అక్కడి రైతులు మామూలు పత్తి నియమాన్ని పాటించారు. 2006 నుంచి వంధ్యం చేసిన రెక్కల పురుగులను విమానాల్లో తెచ్చి చేల మీద వదిలారు. 2018లో అమెరికా పత్తి చేలల్లో ఈ పురుగు లేదని ప్రకటించారు. మన దగ్గర మాత్రం 2010 నాటికే గుజరాత్‌లో మొదటి విషం ఓడిపోయినట్టు విత్తన కంపెనీయే ఒప్పుకుంది. మనవి చిన్న కమతాలు, అరిజోనా పద్ధతిని ఉన్నదున్నట్టు దించలేమన్నది నిజమే. పైగా మనం వేసేవి హైబ్రిడ్లు. వాటి కాయలో విషం ఉన్న గింజ పక్కనే లేని గింజా ఉంటుంది, పురుగు తినేది గింజనే. ఆరు నెలలు సాగే పంట దానికి ఒక తరం తర్వాత మరో తరాన్ని పెంచుకునే తీరిక ఇస్తుంది.

అందుకే తక్కువ కాలపు రకాలను దగ్గర దగ్గరగా విత్తి, సంక్రాంతికి ముందే మోళ్లు పీకేసే పద్ధతికి ప్రభుత్వ ప్రోత్సాహం కావాలన్నది మా అభిప్రాయం. ఇప్పుడు బీటీ సంచిలోనే కలిపి అమ్ముతున్న మామూలు విత్తనం నిజంగా మామూలుదేనా అని పరీక్షించాలి. జిన్నింగ్ మిల్లుల దగ్గర ఏడాది పొడవునా లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను పట్టేవి) వేలాడాలి. వాటిలో పడిన పురుగుల జన్యువులను వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏటా పరీక్షించి జిల్లాలవారీగా బయటపెట్టాలి. జూన్‌లో దుకాణం ముందు బారులు తీరే రైతుకు ఇవాళ సంచి మీద ధర కనిపిస్తుంది. లోపలి విషం తన మండలంలోని పురుగు మీద పని చేస్తుందా లేదా అన్నది దాని మీద ఎక్కడా లేదు.