వాళ్ల అమ్మను కాదు, ఆమెను అడగండి

పుట్టుకతోనే వినబడని, మాటలు రాని ఒక అమ్మాయి వెంట ఈమధ్య పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. లైంగిక వేధింపుల ఫిర్యాదు. రైటర్ కాగితం తీసుకుని వాళ్ల అమ్మను అడిగాడు, "ఏం జరిగిందమ్మా?" అని. జరిగినప్పుడు అమ్మ అక్కడ లేనే లేదు. అమ్మాయి ఎదురుగానే కూర్చుంది. రెండు చేతులతో ఆటో హ్యాండిల్ పట్టుకున్నట్టు తిప్పి, ఎడమ కనుబొమ్మ మీద వేలితో గాటు గీసింది. వాళ్ల వీధిలో ఎవరికైనా ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది. రైటర్ తల ఎత్తలేదు. "మాటలు రాని మనిషి మేడమ్, రేపు కోర్టులో నిలబడదు" అన్నాడు.

ఎందుకు నిలబడదు? మాట్లాడలేని మనిషి సైగలతో చెప్పినా అది మౌఖిక సాక్ష్యమేనని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. 2013 నుంచి, ఇలాంటి నేరాల్లో వికలాంగురాలి ఫిర్యాదును ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటో, అనువాదకులు లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ (వికలాంగులకు బోధించడంలో శిక్షణ పొందిన టీచర్) సమక్షంలో, వీడియో తీస్తూ రాసుకోవాలి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనూ అదే ఉంది. అంటే ఆ పిల్ల స్టేషన్ మెట్లు ఎక్కవలసిన పనే లేదు!

మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పఠాన్ జమాల్ వలీ కేసు గుర్తుచేసుకోండి. చూపులేని దళిత యువతి నిందితుణ్ణి గొంతు విని గుర్తుపట్టింది. ఆ గుర్తింపు చెల్లుతుందనీ, వికలాంగుల సాక్ష్యాన్ని తక్కువగా చూడకూడదనీ 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అనువాదకులు, స్పెషల్ ఎడ్యుకేటర్ల వివరాలు సిద్ధంగా ఉంచాలనీ చెప్పింది. నేను వెళ్లిన స్టేషన్‌లో అలాంటి జాబితా గురించి విన్నవాళ్లే లేరు.

జాబితా ఒక్కటే చాలదు కూడా. ఈ అమ్మాయి బధిరుల బడి మొహం చూడలేదు. వీడియో కాల్‌లో దొరికిన అనువాదకురాలు బడిలో నేర్చిన సైగలు వేరు, ఈమెకు ఇంట్లో పుట్టిన సైగలు వేరు. చివరికి వాళ్ల పిన్నిని పిలిపించాం. పిన్ని ఒక్కో సైగకు అర్థం చెబుతుంటే, అనువాదకురాలు మళ్లీ అమ్మాయినే అడిగి సరిచూసుకుంది. మూడు గంటలు పట్టింది. ఈ పని తెలిసిన సామాజిక కార్యకర్త ప్రతి జిల్లాలో ఉండాలి, జీతంతో, అధికారిక హోదాతో. మాలాంటివాళ్లం ఎవరో ఫోన్ చేస్తే పరుగెత్తుకెళ్లడం వ్యవస్థ అనిపించుకోదు.

రాసింది పిన్ని సైగలతో వినిపించింది. "మధ్యాహ్నం" దగ్గర అమ్మాయి ఆపింది. గోడ మీది స్విచ్ వైపు చూపించి, వేలితో నొక్కినట్టు చేసింది. దీపాలు పెట్టాక.

రైటర్ ఆ మాట కొట్టేసి "సాయంత్రం" అని రాశాడు.