వీణకు సున్నా, అమ్మినందుకు 18

కొడుకు ఇంజినీరింగులో చేరగానే అటకెక్కిన గిటారునో, అమ్మాయి అత్తవారింటికి వెళ్లాక గలేబు తీయని వీణనో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టి, డబ్బు ఖాతాలో పడిన రోజునే గవర్నర్‌పేట నుంచి బెంజి సర్కిల్ దాకా వినబడేటట్లు, అమ్మిపెట్టిన వేదిక కోతల పేరుతో దోచుకుందని వాపోయే విక్రేతలు మన విజయవాడలో నానాటికీ పెరుగుతున్నారు. ఇది సంగీత ప్రియులకు తగని ప్రవర్తన అని సవినయంగా మనవి చేస్తున్నాను. దోపిడీ అనేది చెప్పకుండా జరిగేది. ఆన్‌లైన్ వేదికలు ప్రతి కోతనూ తమ నిబంధనలలో ముందుగానే ప్రకటించి, చదవడానికి కావలసినంత వ్యవధి కూడా ఇచ్చి, ఆ తరువాతనే కోస్తున్నాయి.

విక్రేతల అజ్ఞానం మొదటి మెట్టు దగ్గరే బయటపడుతుంది. కమీషన్ 8 శాతమని చదివి, అది తాము వేసుకున్న ధర మీద 8 శాతమని వారు భావిస్తారు. వేదికల దృష్టి అంత సంకుచితమైనది కాదు. కొనుగోలుదారు చెల్లించే మొత్తంలో పన్ను కలిసి ఉంటే పన్నుతో సహా, రవాణా ఖర్చు కలిసి ఉంటే దానితో సహా లెక్కించడమే వాటిలో చాలావాటి సంప్రదాయం. అమెరికాలో 2013లో సంగీత వాయిద్యాల కోసమే పుట్టిన రివర్బ్ అనే అంగడిని చూడండి. అది 2020లో తన అమ్మకపు రుసుమును 3.5 శాతం నుంచి 5 శాతానికి పెంచింది; ఆ 5 శాతాన్ని రవాణా ఖర్చుతో కలిపిన మొత్తం మీద తీసుకుంటుంది; చెల్లింపు జరిపించినందుకు వేరే రుసుము ఉండనే ఉంది. పార్సిల్ మోసిన కొరియరువాడికి చేరే డబ్బులో కూడా అంగడికి భాగం దక్కడంలోని ఔదార్యాన్ని మనవారు ఇంకా గుర్తించవలసి ఉంది.

ఇక మన దేశపు సొగసు వేరు. చేతితో చేసిన స్వదేశీ వాయిద్యాలకు జీఎస్టీ లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును నెలల తరబడి తొలిచి చేసే వీణ మీద ప్రభుత్వం ఒక్క పైసా అడగదు. అయితే ఆ వీణను తెర మీద చూపించినందుకు వేదిక తీసుకునే కమీషన్ సేవ కిందికి వస్తుంది గనుక, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఉలి పట్టినవాడి పని పన్నుకు అందనంత పవిత్రమైనదనీ, బటన్ నొక్కనిచ్చినవాడి పని పన్ను వేయదగినంత విలువైనదనీ ఇంత స్పష్టంగా ప్రకటించిన పన్ను విధానాన్ని మెచ్చుకోకుండా ఉండలేము. వ్యాపారికైతే తాను కట్టిన జీఎస్టీని తన పన్నులో సర్దుబాటు చేసుకునే మార్గం ఉండవచ్చు. వాడిన వీణను ఒక్కసారి అమ్ముకునే గృహస్థుకు ఆ బాదరబందీ కూడా లేకుండా, 18 శాతం సంపూర్ణంగా అతనికే మిగులుతుంది.

బరువు విషయంలో విక్రేతలు మరింత మొండిగా ఉన్నారు. వీణను కాటా మీద పెట్టి, ఎనిమిది కిలోలకు అటూ ఇటూ ఉన్నదని చూసుకుని, రవాణా ఖర్చును ఎనిమిది కిలోలకే ఊహించుకుంటారు. కొరియర్ శాస్త్రంలో పదార్థానికి ఉన్నంత గౌరవం శూన్యానికీ ఉంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగించగా వచ్చేదే వాల్యూమెట్రిక్ బరువు. అసలు బరువు, ఈ బరువులలో ఏది ఎక్కువైతే దానికే రుసుము. కుండ, సొరకాయ బుర్ర, యాళి (సింహాన్ని పోలిన మృగం) తల దెబ్బ తినకుండా చుట్టూ థర్మోకోల్ పెట్టి, వీణను 135 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న పెట్టెలో సర్దితే లెక్క 54.7 కిలోల దగ్గర తేలుతుంది, అంటే 55. మిగిలిన 47 కిలోలు ఎవరివని అడిగే అవివేకులున్నారు. అవి గాలివి. నాదం మారుమోగేది కుండలోని గాలిలోనే కదా, దానికి రవాణా కట్టడానికి సంగీతజ్ఞులే వెనుకాడితే ఎలా? గిటారువారు కూడా మురిసిపోనక్కరలేదు. 110, 45, 18 కొలతల పెట్టెలో రెండు కిలోల గిటారు 17.8 కిలోలవుతుంది.

ఇప్పుడు అంకెలు వేసి చూద్దాం. రవాణాతో సహా వీణ ధర 30,000 రూపాయలు, కమీషన్ 8 శాతం, ముగింపు రుసుము (ప్రతి అమ్మకానికి వేదిక తీసుకునే స్థిర రుసుము) 60 రూపాయలు, రవాణా కిలోకు 40 రూపాయలు అనుకుందాం. కమీషన్ 2,400, ముగింపు రుసుము 60, రవాణా 2,200, కలిపి 4,660. దాని మీద 18 శాతం 838 రూపాయల 80 పైసలు. మొత్తం కోత 5,498 రూపాయల 80 పైసలు, చేతికి వచ్చేది 24,501 రూపాయల 20 పైసలు. వాకిట్లో 8 శాతంగా పరిచయమైన అతిథి లోపలికి వచ్చేసరికి 18.3 శాతమయ్యాడు. ఇక్కడ కొందరు తెలివైనవారు, పోయిన 5,499 రూపాయలను ధరకే కలిపి 35,499 అని పెడతారు. ధర పెరిగితే కమీషన్ పెరుగుతుందని, దానితో జీఎస్టీ కూడా పెరుగుతుందని వారికి తట్టదు. అప్పటికీ దాదాపు 519 రూపాయలు తగ్గుతాయి. సరిగ్గా 30,000 చేతికి రావాలంటే వెనుక నుంచి లెక్క కట్టాలి: 30,000కు, రవాణా, ముగింపు రుసుములు జీఎస్టీతో సహా 2,666 రూపాయల 80 పైసలు కలిపి, ఆ మొత్తాన్ని 0.9056తో (జీఎస్టీతో సహా కమీషన్ 9.44 శాతం పోగా మిగిలే భాగంతో) భాగించాలి. వచ్చేది 36,072. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్, హమాలీ, కాటా కూలీ పోను మిగిలినదాన్ని పట్టీలో (అమ్మకపు లెక్కల చీటీలో) చూసుకునే రైతుకు ఈ విద్య పుట్టుకతో వచ్చింది. సంగీతం నేర్చినవారికే రావలసి ఉంది.

విభాగం ఎంపికలో కూడా శాస్త్రముంది. ఈబే అనే ఆన్‌లైన్ అంగడిలో గిటార్లకు తక్కువ రుసుము, మిగతా వాయిద్యాలలో చాలావాటికి అంతకన్న ఎక్కువ రుసుము అమలులో ఉన్నది. ఆరు తీగల గిటారుకు రాయితీ ఇచ్చి నాలుగు తీగల వయొలిన్‌కు ఇవ్వకపోవడం తీగల కొరతకు విధించిన జరిమానా కావచ్చు. మన దేశంలో అమెజాన్ 2025లో 300 రూపాయల లోపు ఉండే అనేక రకాల వస్తువులపై కమీషన్ ఎత్తివేసింది. వీణలు చేసేవారు ధరను 300లోపుకు దించలేకపోతే ఆ తప్పు వారిదే. అతిథులకు బహూకరించే బొమ్మ వీణ ఈ విషయంలో ఎంతో ముందున్నది. చిన్న పెట్టెలో పడుతుంది, తీగ తెగిందని వాపసు రాదు, శ్రుతి కుదరలేదన్న ఫిర్యాదుకు అసలు అవకాశమే లేదు. వాపసు వచ్చిన అసలు వీణకు కమీషన్ తిరిగి జమ కావచ్చు గాని, ఆ 55 కిలోలు రెండుసార్లు ప్రయాణం చేస్తాయి.

సరిహద్దుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ నమోదు లేని చిన్న విక్రేతలు కూడా పరిమితికి లోబడి ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకోవచ్చు, సొంత రాష్ట్రంలో మాత్రమే. కాబట్టి అటువంటి గుంటూరు వ్యాపారి తన గిటారును విజయవాడకు పంపవచ్చు. జగ్గయ్యపేట దాటి హైదరాబాదు వైపు పోతే మాత్రం అది రిజిస్ట్రేషన్ కావలసిన గిటారు అవుతుంది.

ఇంత గహనమైన విద్యను అభ్యాసం లేకుండా వదిలివేయడం మంచిది కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రిన్సిపాలుగా పనిచేసిన మన సంగీత కళాశాలలో రుసుముల శాస్త్రాన్ని ఒక పేపరుగా ప్రవేశపెట్టాలని నేను ప్రతిపాదిస్తున్నాను. ఈలోగా ప్రభుత్వం వెంటనే దృష్టి సారించవలసిన అవాంఛనీయ ధోరణి ఒకటి ఊళ్లో సాగుతున్నది. కొందరు సంగీత పాఠశాలల నోటీసు బోర్డు మీద "వీణ అమ్మబడును" అని కాగితం అంటిస్తున్నారు. కొనేవారు ఆటోలో వచ్చి, కింద కూర్చుని, శ్రుతి చేసుకుని, గంటసేపు వాయించి చూసి, "మేష్టారూ, ఇంకో వెయ్యి తగ్గించండి" అని అడిగి, కాఫీ తాగి, వీణను ఒళ్లో పెట్టుకుని అదే ఆటోలో వెళ్లిపోతున్నారు. ఈ తంతులో కమీషన్ లేదు, వాల్యూమెట్రిక్ బరువు లేదు, నక్షత్రాల రేటింగు లేదు. కాఫీని సేవగా పరిగణించి 18 శాతం ఎవరి దగ్గర వసూలు చేయాలో తేల్చే నిబంధన ఏదీ నాకు ఇంతవరకు కనబడలేదు.