సవరణ: ఛత్రపురం ఇసుక గురించి

మొన్న ఒడిశాలోని ఛత్రపురం సముద్రతీరపు ఇసుకలో సహజంగా ఉండే రేడియేషన్ గురించి రాస్తూ "ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ దాటితే ప్రమాదం" అన్నాను (మిల్లీసీవర్ట్ అంటే ఒంటికి అందే రేడియేషన్ మోతాదుకు కొలత). తప్పు. ఆ హద్దు అణుకేంద్రాల్లాంటి వాటివల్ల జనానికి అదనంగా అందే మోతాదుకే. నేల, గాలి, ఆకాశం నుంచి సహజంగా వచ్చేదే ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్లు. నా లెక్కన భూమ్మీద అందరూ మంచాన పడాలి!

ఇక్కడి ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం, అందులో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉన్నమాట నిజమే. "అందుకే క్యాన్సర్లు" అన్నది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. అది చదివి బరంపురంలో మా పెద్దమ్మ పిల్లల్ని సముద్రానికి పంపడం మానేసింది. ఇలాంటి ఇసుకే ఉన్న కేరళ కరునాగపల్లిలో సుమారు 70 వేలమందిని సగటున పదేళ్లకు పైగా గమనించారు. నేలనుంచి వచ్చే గామా కిరణాలవల్ల క్యాన్సర్ పెరిగినట్టు 2009లో వెలువడిన ఆ ఫలితాల్లో కనబడలేదు. అలాగని తక్కువ మోతాదుకు ఏ ప్రభావమూ ఉండదని కాదు. డీఎన్‌ఏ పోగు రేడియేషన్ వల్ల తెగొచ్చు, కానీ చాలాసార్లు కణమే దాన్ని అతికించుకుంటుంది.