పిడి కన్నా ఒర ముఖ్యం
ఈఎస్‌ఈఈ ఇజులా వంటి చిన్న కత్తి పిడికి పారాకార్డు (సన్నని నైలాను తాడు) చుట్టి, అలుగుపై నల్లపూత గీకేసి మెరుగుపెడితే రోజూ ఆత్మరక్షణకు వెంట ఉంచుకోవడానికి అది సిద్ధమైనట్టేనన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. ఆ అలుగు 1095 రకం ఉక్కు. అందులో కర్బనం దాదాపు ఒక శాతం ఉన్నా క్రోమియం లేనట్టే కాబట్టి, పూత తీసిన చోట నడుము చెమట తగిలితే, ముఖ్యంగా మా టెక్సాస్ వేసవిలో, త్వరగానే తుప్పు చుక్కలు తేలతాయి. పారాకార్డు పట్టుకు బాగానే ఉంటుంది గాని చెమటను పీల్చి తడిని లోహానికి ఆనించి ఉంచుతుంది. అసలు శ్రద్ధ పెట్టవలసినది ఒర మీద: కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ రేకును వేడిచేసి అలుగు ఆకారానికి ఒత్తించుకుని, ఒరను బిగించే స్క్రూకు రబ్బరు వాషరు వేసి బిగువు సరిచేసుకుంటే, తలకిందులుగా పట్టి గట్టిగా విదిలించినా కత్తి జారకూడదు, బొటనవేలితో ఒరను నెడితే మాత్రం ‘టక్’మని ఊడిరావాలి. ఈ రెండూ కుదరని కత్తి ఎంత అందంగా ఉన్నా కూర్చుని లేచేటప్పుడు మన తొడకే ప్రమాదం. 2017లో చట్టం మారాక ఇక్కడ పెద్దలు 5.5 అంగుళాలు దాటిన అలుగునూ వెంట ఉంచుకోవచ్చు గాని, బడుల వంటి చోట్లకు తీసుకువెళ్లకూడదన్న సంగతిని వ్యాసం ప్రస్తావించనేలేదు. సెలవులకు ఇండియా వెళ్లేవారు అక్కడ అలుగు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులు ఆయుధ నియమాల పరిధిలోకి వస్తాయని కూడా గమనించాలి.