మీట మీద వేలు

శౌర్యం ఈ లోకంలో ఇంకా మిగిలి ఉందా అని దిగులుపడేవారికి ఒక శుభవార్త. ఉంది. అమెరికా మహానగరాల్లో, బయటి చప్పుడు చొరబడని అద్దాల గదుల్లో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుని ఉంది. దాని పేరు టాక్ రేడియో వ్యాఖ్యాత, అంటే రేడియోలో శ్రోతల ఫోన్లు తీసుకుంటూ లోకం మీద తన అభిప్రాయాలు చెప్పే మనిషి. మేయరంటే ఆయనకు లెక్క లేదు, అధ్యక్షుడంటే లెక్క లేదు, పత్రికలవాళ్లంటే మరీ లెక్క లేదు. ఎవరినైనా, ఎంతసేపైనా ఎదుర్కొంటాడు. ఒకటే షరతు: ఫోను మీట తన వేలి కింద ఉండాలి.

మొన్న రాత్రి అలాంటి వీరుడి కార్యక్రమం ఒకటి ఇంటర్నెట్‌లో విన్నాను. పేరెందుకు, ఒకరిని వింటే అందరినీ విన్నట్టే. ఒక పెద్దాయన ఫోను చేశాడు. గొంతును బట్టి డెబ్బై దాటి ఉంటాయి. నలభై నిమిషాలుగా లైన్లో కాచుకుని ఉన్నానని మెల్లగా చెప్పి విషయంలోకి వచ్చాడు. "మీరు నిన్న చెప్పిన పింఛను అంకె తప్పండీ. నేను ఆ శాఖలోనే ముప్పయ్యేళ్లు లెక్కలు చూశాను. అసలు అంకె..."

టక్కు.

యుద్ధం అప్పుడు మొదలైంది. "ఏం సార్, మాట్లాడరేం?" అని గద్దించాడు వ్యాఖ్యాత, తానే తెంపిన లైనును. "చెప్పండి, అసలు అంకె ఎంత? అందరం వింటున్నాం!" రెండు క్షణాలు ఆగాడు. నిజంగానే ఆగాడు, ఎంత న్యాయబుద్ధి! "చూశారా శ్రోతలారా, అంకె లేదు!" మౌనం అర్ధాంగీకారమంటారు. గొంతు నొక్కి సంపాదించిన మౌనం సంపూర్ణాంగీకారం కాబోలు. ఆపైన పెద్దాయన గొంతును ముక్కుతో అనుకరిస్తూ ఆయన తరఫు వాదన కూడా తానే వినిపించాడు. ఆ వాదన చాలా బలహీనంగా ఉంది. చిత్తు చేశాడు. పెద్దాయన, ముక్కుతోనే, రెండో వాదన తెచ్చాడు. అదీ చిత్తయింది. చివరికి పెద్దాయన తప్పు ఒప్పుకున్నాడు, కాస్త ఏడ్చినట్టు కూడా వినిపించింది. వ్యాఖ్యాత పెద్ద మనసుతో క్షమించాడు. ఉత్తర కుమారుడు కనీసం రథమెక్కి ఊరు దాటాడు. ఈయన కుర్చీలోంచి లేవకుండానే గోవులను మళ్లించాడు.

వెంటనే అదే గొంతుతో, ఊపిరైనా మార్చకుండా, బంగారు నాణేల ప్రకటన చదివాడు. దేశం నేడో రేపో కూలిపోతుందట, అందుకని నాణేలు కొనుక్కోవాలట. కూలిపోయే దేశంలో ఆ నాణేలు ఇంటికి ఎవరు తెచ్చిస్తారో చెప్పలేదు. అడగడానికి ఫోను చేస్తే ఏమవుతుందో మనకు తెలుసు.

ఈ వీరత్వం ఊరికే పుట్టలేదు. వివాదాస్పద విషయాల మీద మాట్లాడేటప్పుడు అవతలి పక్షానికీ చోటివ్వాలని అమెరికా ప్రసారాలకు 1949 నుంచి ఒక నియమం ఉండేది. 1987లో దాన్ని ఎత్తేశారు. మరుసటి ఏడాదే రష్ లింబా అనే వ్యాఖ్యాత కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నుంచి న్యూయార్క్ వచ్చి దేశమంతటికీ మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆయన శ్రోతలు ఫోను చేసి పొగడ్తలకే సమయం వృథా చేస్తున్నారని, ముందువాళ్లు పొగిడినట్టే నేనూ పొగుడుతున్నాననే భావంతో 'డిట్టో' అనే ఒక్క మాట వాడుకలోకి వచ్చింది. ప్రజాభిప్రాయాన్ని ఇంత పొదుపుగా సేకరించిన పద్ధతి మరొకటి లేదు. 2008లో ఆయన కుదుర్చుకున్న ఒప్పందం విలువ సుమారు 40 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. డిట్టో చౌకే, వినేవాడే ఖరీదు.

న్యూయార్క్‌లోనే బాబ్ గ్రాంట్ అని మరొకాయన ఉండేవాడు. నచ్చని శ్రోత దొరికితే "నా ఫోను వదిలిపో!" అని అరవడమే ఆయన కీర్తి. పిలిచింది తానే, నంబరు పదే పదే చెప్పింది తానే, వచ్చినవాడి మీద అరిచేదీ తానే. 1996 ఏప్రిల్‌లో వాణిజ్య మంత్రి రాన్ బ్రౌన్ ఎక్కిన విమానం క్రొయేషియాలో కూలింది. ఒకరు బతికారన్న తొలి వార్త విని, ఆ ఒక్కడూ ఈ మంత్రే అయి ఉంటాడేమో, నేను నిరాశావాదిని కదా అన్నాడు గ్రాంట్. ఉద్యోగం ఊడింది. అయ్యో పాపం అనుకునేలోగా అదే నగరంలో మరో స్టేషన్ కుర్చీ వేసింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఫోను చేసినవాడికి తెగిపోతుందని తెలిసే చేశాడు అనుకోవచ్చు. కానీ ఫోను చేయనివాళ్ల సంగతి?

2007 ఏప్రిల్ 3న రట్గర్స్ విశ్వవిద్యాలయం అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు జాతీయ ఫైనల్లో ఓడిపోయింది. మర్నాడు పొద్దున్నే డాన్ ఇమస్ అనే రేడియో వ్యాఖ్యాత తన కార్యక్రమంలో ఆ అమ్మాయిల గురించి, వాళ్ల జుట్టు గురించి, వాళ్ల రంగు గురించి కొన్ని మాటలన్నాడు. వాటిని ఇక్కడ రాయను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ పిల్లలు ఆయనకు ఏం చేశారు? వాదించారా? ఫోను చేశారా? ముందు రాత్రి ఆట ఓడి ఏడ్చి పడుకున్న పిల్లలు! శ్రోత నోటి నుంచి బూతు వస్తుందేమోనని ప్రసారాన్ని కొన్ని సెకన్లు వెనక్కి పట్టి ఉంచే యంత్రాలు కనిపెట్టారు గదా, ఆ నరం లేని నాలుక మీద వేలు పెట్టడానికి అక్కడ ఒక్క మనిషి లేకపోయాడా? నవ్వడానికి మాత్రం ఉన్నారు!

గొడవయ్యాక క్షమాపణ చెప్పాడు, ఉద్యోగం పోయింది. ఆ పిల్లలు ఆయనతో ముఖాముఖి కూర్చుని క్షమించారు కూడా. డిసెంబరు 3న ఆయన మళ్లీ న్యూయార్క్ రేడియోలో, మళ్లీ పొద్దుటి పూటే. ఎనిమిది నెలలు. కాలు విరిగినవాడు కూడా కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే ఇంట్లో కూర్చుంటాడు.

కోపం ఆగక నిన్న నేనే ఫోను చేశాను, ఆ పింఛను వీరుడికి. ఫోన్లు వడపోసే కుర్రవాడు ఎత్తి, "ఏకీభవిస్తారా, వ్యతిరేకిస్తారా?" అని అడిగాడు. ఏకీభవిస్తానని అబద్ధమాడాను. పది నిమిషాల్లో లోపలికి పంపాడు. "మొన్న ఆ పెద్దాయన చెప్పబోయిన అంకె..." అన్నాను. టక్కు. గదిలో రేడియో మాత్రం ఆలస్యంగా నడుస్తోంది గదా, చేతిలో ఫోను చచ్చిపోయాక అందులో నా గొంతు లేచింది. "మొన్న ఆ పెద్దాయన చెప్పబోయిన అంకె..." అంటున్నాను నేను, చాలా మర్యాదగా. కూర్చుని విన్నాను. కాసేపటికి నేను ముక్కుతో మాట్లాడడం మొదలుపెట్టాను.