44 డిగ్రీల్లో కోటు

మే నెల మధ్యాహ్నం పన్నెండున్నరకు కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లో కోటు తొడుక్కున్న మనిషి కనపడితే అతను లాయరన్నా అయ్యుండాలి, పెండ్లికొడుకన్నా అయ్యుండాలి, బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించేవాడన్నా అయ్యుండాలి. ఇన్నాళ్లూ ఊరికి తెలిసిన లెక్క ఇదే. మొన్న మా మేనల్లుడు క్యాంపస్ ఇంటర్వ్యూకని కోటు, టై వేసుకుని అక్కడ ఆటో కోసం నిలబడితే సోడాబండి ఆయన నిమ్మకాయ పిండుతూ అడిగాడట: "ఏమప్పా, పెండ్లి యాడ? ముహూర్తం దాటిపోయినట్టుందే!"

మర్యాద ఎంతకు దిగజారిందో చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు. చదువుకున్న కుర్రవాడు సందర్భానికి తగ్గట్టు తయారైతే గుర్తుపట్టలేని సమాజం మనది. ముప్పై ఏళ్లు టక్ చేసుకుని ఆఫీసుకు వెళ్లినవాడిగా, డ్యూటీలో ఒక్కనాడూ చొక్కా పై గుండీ విప్పనివాడిగా (ఆ గుండీ ఊడిపోయి ఉన్న రెండు నెలలు లెక్కలోకి రావు) ఈ విషయం మీద నాలుగు ముక్కలు రాయడం నా బాధ్యత.

ముందు ఎండ సంగతి తేల్చేద్దాం. కోటు వద్దనేవాళ్లందరికీ అదొక్కటే సాకు. నిజమే, కర్నూలైనా కడపైనా మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. అయితే తప్పు కోటుదా? అది చల్లని దేశంలో పుట్టింది, దాని పని అది చేస్తోంది. దత్తమండలాలు, అంటే మన రాయలసీమ, ఇంగ్లీషు కుంపెనీ చేతికి వచ్చింది 1800లో. రెండు వందల పాతికేళ్లు గడిచినా ఇక్కడి ఎండకు ఇంగ్లీషు మర్యాద ఒంటబట్టలేదంటే లోపం ఎవరిది?

ఆ మాటకొస్తే మనల్ని మొదట చెడగొట్టింది కూడా ఒక దొరే. థామస్ మన్రో. ఈ మండలాలకు కలెక్టరుగా వచ్చిన ఆయన మంత్రాలయం మఠం భూముల పని మీద వెళ్లి, టోపీ, బూట్లు తీసి లోపలికి అడుగుపెట్టాడనీ, బృందావనం దగ్గర రాఘవేంద్రస్వామే కనపడి ఆయనతో మాట్లాడాడనీ చెప్పుకుంటారు. ఆ కథను జనం ఇన్నేళ్లు మోశారు. మన్రో మీది అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు కూడా పెట్టుకున్నారంటారు. గమనించండి, టోపీ పెట్టుకుని తిరిగిన మిగతా కలెక్టర్లలో ఒక్కరి పేరైనా ఎవరైనా పిల్లాడికి పెట్టారా? టోపీ తీసినవాడికే అంత పేరొస్తే ఇంక పెట్టుకునేదెవరు? 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. టై లేక ఫలానా ఫైలు ఆగిందని మా పెద్దవాళ్లెవరూ చెప్పగా నేను వినలేదు. పునాదిలోనే అంత నిర్లక్ష్యం.

ఇప్పుడు కాస్త ఆశ కలిగించేది లాయర్లే. బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఒక సడలింపు ఉంది. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదు. అయినా మన జిల్లా కోర్టుల ఆవరణలో వేపచెట్టు కింద చూడండి. కొత్తగా వచ్చిన జూనియర్ కోటు తొడుక్కునే ఉంటాడు. తీస్తే క్లయింటు తనను గుమాస్తా అనుకుంటాడని భయం. సీనియర్ దాన్ని చేతి మీద వేసుకుని తిరుగుతాడు. ఇంకా సీనియర్ కోటును గుమాస్తా మోస్తాడు. ఆ కోటు భుజాల దగ్గర గోధుమరంగు తిరిగి ఉంటుంది, వీపు మీద చెమట ఆరిన ఉప్పు గీతలు. దూరం నుంచి చూస్తే తుంగభద్ర ఎక్కడో, హంద్రీ ఎక్కడో వేలు పెట్టి చూపించొచ్చు.

ఈ మెట్ల వరసలోనే ఉంది అసలు రహస్యం. గౌరవం అనేది బరువైన వస్తువు. బరువును ఎప్పుడూ కిందివాడే మొయ్యాలి. పల్లకీలో కూర్చున్నవాడు ఎలా కూర్చున్నా అడిగేవాడు లేడు, బోయీలు మాత్రం ఒకే రంగు తలపాగా చుట్టుకుని అడుగు కలిపి నడవాలి. మన నాయకులను చూడండి. గంజిపెట్టిన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, కాళ్లకు చెప్పులు. ఏసీ కారు దిగి, ఏసీ హాల్లోకి నడుస్తారు. ఆ గుమ్మం దగ్గర బ్లేజరు తొడుక్కుని బొకే పట్టుకుని గంటన్నర నుంచి ఎండలో నిలబడి ఉన్నది మాత్రం ఏ ప్రైవేటు కాలేజీ లెక్చరరో. ఇద్దరిలో మర్యాద తెలిసినవాడు ఎవరో చొక్కా తడి చూస్తే తెలుస్తుంది.

అప్పులిచ్చే ఆఫీసుకు వెళ్లినా అంతే. అప్పు అడగడానికి వచ్చిన రైతుకు టై ఉండదు, ఆయన భుజం మీద టవలు ఉంటుంది. డబ్బు పెట్టిన యజమానికీ ఉండదు. మధ్యలో కూర్చుని ఫారాలు నింపే అబ్బాయికి మాత్రం ఉంటుంది. డాక్టరు దగ్గరకు పోతే ఆయన పొట్టి చేతుల చొక్కాలో ఫ్యాను కింద ఉంటాడు. బయట బెంచీ మీద, పది కిలోల బ్యాగు ఒళ్లో పెట్టుకుని, టై సర్దుకుంటూ మెడికల్ రెప్. పదిహేడో శతాబ్దంలో క్రొయేషియా సిపాయిలు మెడకు చుట్టుకున్న గుడ్డ చూసి ఫ్రాన్సు వాళ్లు ముచ్చటపడ్డారట, అదే పెరిగి పెరిగి టై అయింది. అంటే మొదటినుంచీ జీతానికి పనిచేసేవాడి మెడదే అది. జీతం తగ్గేకొద్దీ ముడి బిగుస్తుంది. బొత్తిగా జీతమే లేని ఎల్‌కేజీ పిల్లలకు విప్పడానికి వీల్లేకుండా ఎలాస్టిక్ పెట్టారు.

ఆడవాళ్ల విషయంలో నియమం ఇంకా స్పష్టం. ఏం కట్టుకున్నా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. కాలేజీ వార్షికోత్సవమంటే మేడమ్‌లందరూ ధర్మవరం పట్టు కట్టుకోవాలి. ఐదున్నర మీటర్ల పట్టు, ఆరు పిన్నులు, కరెంటు పోయిన ఆడిటోరియం. వాళ్లకు చెమట పట్టదని అధికారికంగా నమ్ముతున్నాం కాబట్టి ముందుకు సాగుదాం.

పత్తి బట్టలు కట్టుకోవచ్చు కదా అని తెలివైనవాళ్లు అడుగుతారు. ఆదోని మార్కెట్‌కు పత్తి బండ్లు వరస కడతాయి, ఎమ్మిగనూరులో 1938లోనే చేనేత సహకార సంఘం పెట్టుకున్నారు, మగ్గం బట్ట ఒంటికి గాలి తగలనిస్తుంది అంటారు. అక్కడే వచ్చింది చిక్కు. ఒంటికి గాలి తగిలితే అది ఫార్మల్ ఎలా అవుతుంది? అది సుఖం అవుతుంది. అందుకే మనం పత్తి పండిస్తాం, పాలిస్టరు తొడుక్కుంటాం.

ఇక మా వాడి ఇంటర్వ్యూ. కాలేజీ వాళ్లు ముందే సర్క్యులర్ ఇచ్చారు: బ్లేజరు, టై, నల్ల బూట్లు లేనివాళ్లను హాల్లోకి రానివ్వరు. ఇంట్లో ఉన్న కోటు ఒక్కటే, మా వాడి బావది. పెండ్లి రిసెప్షన్‌కు కుట్టించుకుని ఒక్క సాయంత్రం వేసుకుని, నాఫ్తలీన్ గోలీలతో బీరువాలో పెట్టాడు. చేతులు రెండంగుళాలు పొడుగు. టైకి ముడి వేయడం మా వంశంలో ఎవరికీ రాదు. వీధి చివర మెడికల్ రెప్ పుణ్యం కట్టుకున్నాడు. "ఈ ముడి విప్పొద్దు తమ్ముడూ, వదులు చేసి మేకుకు తగిలించుకో, రిటైరయ్యేదాకా వస్తుంది" అని వృత్తి రహస్యం కూడా చెప్పాడు.

కాలేజీకి పోయాక తెలిసింది, హాస్టల్లో నలుగురికి కలిపి ఒక కోటు కూడా లేదట. మా వాడిదాన్ని ముగ్గురు వంతులవారీగా వాడుకున్నారు. మా వాడి వంతు నాలుగోది. అప్పటికి లైనింగ్ తడిసి ముద్దయింది, తొడుక్కుంటే తడి గోనెసంచిలో దూరినట్టు ఉందన్నాడు. లోపల, బెంగళూరు నుంచి వచ్చిన కంపెనీ ఆయన రౌండ్‌నెక్ టీషర్టు, జీన్సు వేసుకుని కూర్చున్నాడు. ఆ జీన్సు మన రాయదుర్గంలో కుట్టిందే అయినా ఆశ్చర్యం లేదు.

"ఇంత ఎండలో అందరూ కోట్లేంది? ఉక్కపోయట్లేదా?" అన్నాడట ఆయన.

"నో సార్. వెరీ కంఫర్టబుల్ సార్" అన్నాడు మా వాడు, చెప్పి పెట్టిన ప్రకారం. అంటుండగానే గడ్డం మీంచి ఒక చుక్క జారి రెజ్యుమె మీద, సరిగ్గా ఫోన్ నంబరు మీద పడింది. ప్రింటరు సిరా కదా, చివరి నాలుగు అంకెలు కలిసి ఒక్కటైపోయాయి. ఆయన ఆ కాగితాన్నే జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుని, సెలెక్ట్ అయితే ఫోన్ చేస్తామన్నాడు.

నాకు ఇందులో ఆందోళన పడాల్సింది ఏమీ కనపడలేదు. వాడు మర్యాద తప్పలేదు, అది చాలు. సాయంత్రం కోటు తిరిగి ఇవ్వడానికి నేనే వెంట వెళ్లాను. వాళ్ల బావ దాన్ని అందుకుని, బరువు చూసి, చెయ్యి కాస్త పిండితే బండల మీద నాలుగు చుక్కలు పడ్డాయి. కాసేపు ఏమీ అనలేదు.

"మా రిసెప్షన్ రోజు వాన పడింది గుర్తుందా మామా," అన్నాడు చివరికి, "ఆ పొద్దు కూడా ఇంత తడవలేదు ఇది."