బేనిషా బుట్టకు మహారాణి జవాబు రాసిందా?

మామిడి సీజన్ వస్తే చాలు, మా కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ మళ్లీ లేస్తుంది. బనగానపల్లె నవాబు విక్టోరియా చక్రవర్తినికి బుట్టెడు బేనిషాలు (బంగినపల్లి మామిడిపళ్లు), ఒక ఉత్తరం పంపాడట. ఆవిడ మురిసిపోయి కప్పం మాఫీ చేసి, నవాబు బిరుదిచ్చి, ‘మీ సంస్థానం జోలికి ఎవరూ రారు’ అని స్వయంగా జవాబు రాసిందట. ఇద్దరూ సమానహోదాలో ఉత్తరాలు నడిపేవారట.

పళ్ల సంగతి సులువు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక కూడా లండన్‌కు ఓడలో వారాలు పట్టేది. గడ్డిలో వేస్తే వారం పది రోజుల్లో మాగే కాయ అన్నాళ్లు ఆగదు.

మాఫీ చేయడానికి అసలు కప్పమేది? లక్ష రూపాయల పేష్కష్, అంటే కప్పం, కట్టింది కర్నూలు నవాబులు. బనగానపల్లెకు అది లేదు.

బనగానపల్లె పాలకుడు ఫతే అలీ ఖాన్‌కు 1876లో వంశపారంపర్యంగా నవాబు బిరుదు రావడం నిజమే. అయితే విక్టోరియాను చక్రవర్తినిగా ఢిల్లీలో చాటింది 1877 జనవరి 1న, అంటే ఆ బిరుదు వచ్చాకే.

ఇక సమానహోదా. సంస్థానం మొత్తం 255 చదరపు మైళ్లు, 1901 లెక్కల్లో 32 వేల జనం. నవాబు మాట పైకి పోవాలంటే మొదటి గడప కర్నూలు కలెక్టర్‌ది, సంస్థానంపై బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి అయిన పొలిటికల్ ఏజెంట్ ఆయనే. తర్వాత మద్రాసు, ఆపైన కలకత్తా, లండన్ చివర్న. పక్క సంస్థానంతో సొంతంగా రాయబారం నడిపే హక్కు కూడా సంస్థానాధీశులకు లేదు. ఎన్ని సలాములు, బిరుదులు పేర్చి రాసినా అవి అర్జీలే.

‘జోలికి ఎవరూ రారు’ అన్న హామీకి కాస్త దగ్గరగా ఉన్నది 1862 నాటి సనదు. సొంత వారసుడు లేకపోతే ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం వచ్చే వారసుణ్ణి గుర్తిస్తామన్న పత్రం అది. 1857 తిరుగుబాటు తర్వాత సంస్థానాలు తమ వెంట ఉండాలని వైస్రాయ్ కానింగ్ ఇలాంటివి చాలామందికి ఒకే మూసలో ఇచ్చాడు. పళ్లు పంపినవాళ్లకీ, పంపనివాళ్లకీ!

పైగా జోలికి రాకుండా ఉన్నారా? అంతకుముందు 1825 నుంచి 1848 దాకా సంస్థానాన్ని కడప కలెక్టరే నడిపాడు. సనదు చేతిలో ఉండగానే 1905లో పాలన బాగాలేదని మళ్లీ అధికారిని కూర్చోబెట్టారు. నన్నడిగితే, పోయిన జాగీరును 1848లో తిరిగి సంపాదించుకోవడమే ఆ వంశం చేసిన అసలైన రాయబారం. ఫార్వర్డ్‌లో దాని ఊసే లేదు. మహారాణి రాసిందంటున్న జవాబుకు కనీసం ఒక తేదీ కూడా లేదు.